మోచేతి బెల్లం

సంస్కృతంలో కఫోణిగుడన్యాయమని ఒకటుంది. కఫోణి అంటే మోచెయ్యి, గుడమంటే బెల్లం. మోచేతికి అంటుకున్న బెల్లం కంటికి కనిపిస్తూనే వుంటుంది గాని నాలుకకు మాత్రం అందదు. ఇరవయ్యేళ్ళుగా ఈ న్యాయాన్ని తరగతిలో చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా వెనక బెంచీలో ఎవడో ఒకడు నాలుక చాచి మోచెయ్యి అందుకోబోవడమూ, తరగతంతా గొల్లుమనడమూ మామూలే. ఆ మోచెయ్యే ఒకనాడు నాకు పాఠం చెబుతుందని నేననుకోలేదు.

కిందటి వేసవిలో జవాబుపత్రాలు దిద్దే పని తగిలింది. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కుడిచెయ్యి ఎర్రకలం దించేది లేదు. పది రోజులయ్యేసరికి మోచేతికి బయటివైపున, ఎముక బొడిపెలా తగిలేచోట, సన్నగా సలుపు మొదలయింది. తరువాత కాఫీగ్లాసు పట్టుకుంటే సలుపు, తలుపు గొళ్ళెం తీస్తే సలుపు. కళాశాల తెరిచాక ఒకనాడు నల్లబల్లమీద ఉత్పలమాల వ్రాసి యతిస్థానం దగ్గర గీత గీయబోతే, సుద్దముక్క చేతిలోంచి జారి కిందపడింది. పిల్లలు నా వంక జాలిగా చూశారు. నలభయ్యేడేళ్ళవాడికి పిల్లల జాలికంటె వాళ్ళ అల్లరే నయం.

అధ్యాపకుల గదిలో మా వ్యాయామోపాధ్యాయుడు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది టెన్నిస్ ఎల్బో, సందేహం లేదు" అన్నాడు. టెన్నిస్ బ్యాటు ఏవైపు పట్టుకోవాలో కూడా తెలియనివాణ్ణి నేను. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు జవాబు చెప్పాలన్న పంతంతోనే తరువాత ఈ జబ్బు చరిత్ర కాస్త చదివాను. నా పక్షాన సాక్ష్యం దొరికింది సుమండీ! 1873లో రుంగే అనే జర్మన్ వైద్యుడు దీన్ని మొదట వర్ణించింది, వ్రాసి వ్రాసి చెయ్యి పట్టేసేవాళ్ళ గురించి చెబుతూనట. వింగ్‌ఫీల్డ్ అనే ఆయన ఇంగ్లండులో లాన్ టెన్నిస్‌కు పేటెంటు తీసుకున్నది 1874లో. అంటే ఆటకంటె ముందే జబ్బుంది, అదీ కలం పట్టినవాళ్ళకుంది! 1882, 83 సంవత్సరాలలో ఇంగ్లండు వైద్య పత్రికలు టెన్నిస్ పేరు తగిలించాయి, అది అలాగే అతుక్కుపోయింది. ఇప్పటికీ ఈ నొప్పి పడేవాళ్ళలో ఎక్కువమంది టెన్నిస్ ఆడనివాళ్ళే. వడ్రంగులు, తాపీపనివాళ్ళు, వంటవాళ్ళు, ముప్ఫయి అయిదుకూ యాభై అయిదుకూ మధ్యనున్న సంసారులు. సచిన్ టెండూల్కర్‌కు 2004లో ఎడమ మోచేతికి వచ్చి, మరుసటి ఏడు లండనులో శస్త్రచికిత్స దాకా వెళ్ళబట్టి మనదేశంలో ఇంటింటికీ ఈ పేరు తెలిసింది గాని, లేకపోతే "చెయ్యి బెణికింది" అనుకుని ఊరుకునేవాళ్ళమే.

ఊళ్ళో ఎముకల డాక్టరు నా శిష్యుడు. ఇంటర్మీడియెట్‌లో నా దగ్గర తెలుగు చదివాడు. ఛందస్సులో మార్కులు సరిగా రాకపోయినా మర్యాదలో మాత్రం ఎప్పుడూ ఫస్టు క్లాసే. నన్ను కూర్చోబెట్టి, ఆ బొడిపెకు రవ్వంత కిందగా బొటనవేలితో నొక్కాడు. ప్రాణం లేచొచ్చింది. తరువాత పిడికిలి బిగించి మణికట్టు పైకెత్తమన్నాడు. నేనెత్తుతూ వుంటే తను కిందికి అదిమాడు. మళ్ళీ అక్కడే నొప్పి. మెడ తిప్పించాడు, చిటికెన వేలికి తిమ్మిరి ఎక్కుతోందా అని అడిగాడు. అయిదు నిమిషాలలో అయిపోయింది.

"అదే మాస్టారూ! మణికట్టును పైకెత్తే కండరాలు ఈ బొడిపె దగ్గర ఎముకకు పట్టుకుని వుంటాయి. పట్టుకునేచోట తాడులాంటి టెండన్ వుంటుంది. చేసిందే చెయ్యడంవల్ల అక్కడ పోగులు చిట్లుతాయి. మానేలోగా మళ్ళీ చిట్లుతాయి. పని తగ్గించండి, నేను చెప్పే వ్యాయామం చెయ్యండి. నెలలు పట్టవచ్చు గాని తగ్గుతుంది."

"మరి ఫోటో ఏదీ తియ్యవా?" అన్నాను.

"ఇప్పుడు అక్కర్లేదండీ."

నిజం చెప్పొద్దూ, నాకు నిరాశ కలిగింది. నొప్పి నాది, దాని ముఖం నేను చూడవద్దూ? మనవాళ్ళకు బొమ్మ కనబడితే గాని దేవుడిమీదనే నమ్మకం కుదరదు, ఇక జబ్బుమీద ఎలా కుదురుతుంది? ఈ శిష్యుడికి ఛందస్సులాగే వైద్యం కూడా సగమే వచ్చునేమోనని పాపపు ఆలోచన ఒకటి మనసులో మెదిలింది కూడాను. మిత్రుడొకాయన సలహామీద, డాక్టరుకు చెప్పకుండా, పట్నం వెళ్ళి ఎమ్మారై తీయించుకున్నాను. ఏడువేల రూపాయలయింది. బోర్లా పడుకోబెట్టి, చెయ్యి తలమీదుగా చాపించి, గుహలాంటి దాన్లోకి తోశారు. అరగంటసేపు చెవి పక్కన ఎవరో రేకుడబ్బా సుత్తితో కొడుతున్నట్టు మోత. ఆ యంత్రంలో ఎక్స్‌రే కిరణాలేవీ వుండవు. పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలూ కలిసి మన ఒంట్లోని నీటినీ కొవ్వునూ కదిలించి బొమ్మ గీయిస్తాయి. ఆరోగ్యంగా వున్న టెండన్ నల్లగా కనిపిస్తుంది. చెడినచోట తెల్లని మచ్చ వస్తుంది. నా బొమ్మలో తెల్లమచ్చ వచ్చింది. కింద ఇంగ్లీషులో "పాక్షికంగా చిరిగివుండవచ్చు" అనే అర్థం వచ్చే మాట వుంది.

ఆ రాత్రి నాకు నిద్రలేదు. చిరిగిపోయిన చెయ్యిని కుట్టించుకోవాలి గాబోలు, సెలవు ఎన్నాళ్ళు పెట్టాలి, కుట్టినా మళ్ళీ నల్లబల్లమీద వ్రాయగలనా? ఇలా తెల్లవార్లూ లెక్కలే. విచిత్రమేమంటే, కాగితం చదవకముందు పైసా అంత వున్న నొప్పి చదివిన తరువాత రూపాయంత అయింది.

సంజాయిషీ చెప్పుకుంటూ శిష్యుడి దగ్గరకు వెళ్ళాను. అతను కోప్పడలేదు. బొమ్మను దీపానికెదురుగా పెట్టి నింపాదిగా చూశాడు.

"మాస్టారూ! మీ వయసు వాళ్ళను, ఏ నొప్పీ లేనివాళ్ళను, పదిమందిని పట్టుకొచ్చి ఇదే ఫోటో తీస్తే, కొందరికి ఇలాంటి మచ్చే కనబడుతుంది. తలలో తెల్లవెంట్రుకలాంటిది. తెల్లవెంట్రుక వున్నంతమాత్రాన తలనొప్పి వుండాలని లేదు గదా? నేను వైద్యం చేసేది మీ చేతికి, ఈ ఫిల్ముకు కాదు. మొన్న చెప్పిందే ఇవాళా చెబుతున్నాను."

పేరులోనే ఒక పొరపాటుందని కూడా అతనే చెప్పాడు. అది వ్యాకరణ విషయం కావడంచేత నాకు మహా ఆసక్తి కలిగింది. దీన్ని వైద్యులు చాలాకాలం ఎపికాండిలైటిస్ అన్నారు. ఆ చివరి "ఐటిస్" ప్రత్యయానికి వాపు, మంట అని అర్థం. 1979లో అమెరికాలో నిర్ష్‌ల్, పెట్రోన్ అనే ఇద్దరు, శస్త్రచికిత్సలో తీసిన ముక్కలను సూక్ష్మదర్శినికింద పెట్టి చూసి వ్రాశారు. వాపుకు గుర్తుగా వుండే కణాలు అక్కడ లేవట. పోగులు క్రమం తప్పి, పనికిరాని రక్తనాళాలు అల్లుకుని, మానుతూ మానుతూ మానడం మరచిపోయినట్టు వుందట ఆ చోటు. అంటే మంట కాదు, శైథిల్యం. వందేళ్ళు తప్పు ప్రత్యయంతో పిలిచారన్నమాట! విద్యార్థి ప్రత్యయం తప్పితే అర మార్కు తీసేస్తాను నేను. ఇక్కడ ప్రత్యయం తప్పడంవల్ల మందే తప్పింది. వాపనుకున్నారు గనుక వాపు తగ్గించే స్టెరాయిడ్ సూది పొడిచారు. సూది పడ్డ నెలరోజులూ హాయిగా వుంటుంది. ఏడాది తిరిగి చూస్తే, సూది వేయించుకోనివాళ్ళే మెరుగ్గా వున్నారని ఎన్నో పరీక్షలను కలిపి చూసిన ఒక సమీక్ష 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

ఈ సూది సంగతి ఇంటికి వచ్చి భోజనాల దగ్గర చెప్పాను. మా ఆవిడ వడ్డిస్తున్న గరిటె ఆగింది.

"ఆ సూది మంచిది కాదాండీ?" అంది.

"నీకెందుకు?"

"నేను రెండు వేయించుకున్నాను."

అప్పుడు బయటపడింది. కిందటి దసరా నాటినుంచి ఆవిడకు కుడి మోచెయ్యి నొప్పి. అంటే అప్పటికి ఎనిమిది నెలలు! ఇంట్లో నీళ్ళటిన్ను ఎత్తడం, దుప్పట్లు పిండడం, పిండి కలపడం వున్నవే. వాటికి తోడు ఆవిడ ఇరుగుపొరుగువాళ్ళకు జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషను కాలితోనో మోటారుతోనో తిరుగుతుంది, బాధ లేదు. బట్ట కత్తిరించే పెద్ద కత్తెర వుందే, దాని బరువూ బిగువూ మొత్తం ఈ బొడిపెమీదనే పడతాయి. వీధి చివర సూది మందు ఇచ్చే ఒకాయన దగ్గర రెండుసార్లు పొడిపించుకుంది. మొదటిసారి రెండు నెలలు ఆగింది, రెండోసారి మూడు వారాలకే తిరిగివచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"పేపర్లు దిద్దుకుంటున్నారు గదా" అంది.

మూడు వారాల నొప్పికి నేను పట్నం పరుగెత్తి ఏడువేలు పోసి ఫోటో తీయించుకున్నాను. ఎనిమిది నెలల నొప్పితో ఆవిడ నా చెయ్యికి కొబ్బరినూనె రాసింది, అదీ ఆ కుడిచేత్తోనే. ఆనాడు పెరుగన్నం సయించలేదు.

మర్నాడు ఆవిణ్ణి తీసుకువెళ్ళాను. డాక్టరు అదేవిధంగా నొక్కి చూశాడు, మణికట్టు ఎత్తించి చూశాడు. అరచెయ్యి కిందికి పెట్టి ప్లాస్టిక్ కుర్చీ పైకెత్తమన్నాడు. కుర్చీ అంగుళం లేవలేదు. ఎనిమిది నెలలన్న మాటా, రెండు సూదులన్న మాటా విన్నాక అతని ముఖంలో రంగు మారింది. "అమ్మా, మీకు ఫోటో కావాలి" అన్నాడు.

గురువుకు అక్కర్లేని ఫోటో గురుపత్నికి ఎందుకు కావలసి వచ్చిందో అతను దారిలో పెట్టి చెప్పాడు. మామూలుగా వచ్చిన నొప్పి మామూలుగా తగ్గుతూ వుంటే ఫోటోతో తెలిసేదేమీ లేదు. ఆరునెలలు దాటినా తగ్గకపోతే, సూదులు పడివుంటే, టెండన్ ఎంత చిరిగిందో చూడాలి. దెబ్బ తగిలినా, మోచెయ్యి చాచడానికి రాక మధ్యలో ఇరుక్కున్నా, వేళ్ళు తిమ్మిరెక్కినా ఆరునెలలు ఆగనక్కర్లేదు. పిల్లలైతే అసలు ఆలస్యం పనికిరాదట. ఎదిగే వయసులో టెండన్‌కంటె ఎముక ఎదిగే అంచు మెత్తన. అమెరికాలో బేస్‌బాల్ విసిరే పిల్లలకు మోచేతి లోపలివైపు ఈ అంచు విడిపోవడం ఇంత తరచుగా జరగబట్టి దానికి ఆ పిల్లల ఆటపేరే పెట్టారు. మన వీధిలో బంతి విసిరే కుర్రవాడికీ అదే మోచెయ్యి. నొప్పంటే రెండు చేతులకూ ఎక్స్‌రే తీసి పక్కపక్కన పెట్టి చూస్తారు.

మా ఆవిడకు ముందు ఎక్స్‌రే తీశారు. రాంట్‌జెన్ 1895 నవంబరులో ఆ కిరణాలను కనుక్కుని, డిసెంబరులో తన భార్య చెయ్యినే ఫోటో తీశాడు. ఆ బొమ్మలో ఎముకలూ, వేలి ఉంగరమూ కనిపిస్తాయి. భార్య చెయ్యి చూడాలని అతనికైనా నెలన్నరలో తోచింది, నాకు ఎనిమిది నెలలు పట్టింది. పోనివ్వండి. ఎక్స్‌రేలో ఎముకలు నిక్షేపంగా వున్నాయి, సున్నం పేరుకోలేదు, కీలు అరగలేదు. ఎక్స్‌రే ఎముకల సంగతి చెబుతుంది గాని టెండన్ సంగతి దానికి పట్టదు. అందుకని అల్ట్రాసౌండ్ అన్నారు.

ఆ గది గోడమీద "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అని పెద్ద బోర్డు వుంది. 1994 నాటి చట్టం ప్రకారం వుండి తీరాలట, లోపల చూసేది మోచెయ్యి అయినా సరే. కర్మణిప్రయోగం తెలుగుకు అంతగా నప్పదని తరగతిలో చెబుతూ వుంటాను. ఆవిడ గాజులు పైకి తోసుకుంటూ వుంటే నేను ఆ బోర్డే చదువుతూ కూర్చున్నాను. మనసు స్థిమితంగా లేనప్పుడు మనిషికి వ్యాకరణమే దిక్కు.

చల్లని జిగురు రాసి, సబ్బుబిళ్ళంత పరికరాన్ని బొడిపెమీద నడిపించాడు రేడియాలజిస్టు. మన చెవికి వినబడే ధ్వని సెకనుకు ఇరవైవేల కంపనాలతో సరి. ఇది కోటి దాటిన కంపనాల ధ్వని. లోపలికి వెళ్ళి, తగిలినచోటల్లా ప్రతిధ్వనించి, తెరమీద బొమ్మవుతుంది. అతను ముందు ఎడమ చెయ్యి చూపించాడు. మగ్గంమీద పడుగు చూశారు గదా? సరిగ్గా అలాగే, దువ్వినట్టు, తెల్లని పోగులు ఒకదాని పక్కన ఒకటి వరసగా వున్నాయి. తరువాత కుడి చెయ్యి. పడుగు ఉబ్బి, మసకబారి, ఒకచోట పోగులే లేని నల్లని సందు. అది నాలుగు మిల్లీమీటర్లు అన్నాడు. ఏదో మీట నొక్కగానే ఆ చుట్టూ ఎర్రగా నీలంగా చుక్కలు మిణుకుమన్నాయి. అవి 1979లో ఆ ఇద్దరు వ్రాసిన పనికిరాని రక్తనాళాలే గాబోలు. మణికట్టు ఆడించమని, పోగులు లాగుతుంటే సందు ఎంత తెరుచుకుంటోందో కూడా చూశాడు. కదులుతున్న చెయ్యిని ఇలా కదులుతుండగానే చూడడం నేను పడుకున్న గుహలో కుదరదు. ఖరీదు నా బొమ్మలో అయిదోవంతు లేదు. అయితే ఇది చూసేవాడి చేతిమీదా కంటిమీదా ఆధారపడిన విద్య. అలవాటు లేనివాడికి నల్లసందు కనబడకనూ పోవచ్చు, లేనిది కనబడనూవచ్చు.

మా ఆవిడ తెరవంక చూసి, "ఇదేనా! నేనింకా ఊరికే అనిపిస్తోందేమో అనుకున్నా" అంది. ఆ ఒక్కమాటకోసమైనా ఫోటో తీయించవలసిందే అనిపించింది. నాకు నొప్పిని పెంచిన బొమ్మే ఆవిడకు ధైర్యమిచ్చింది.

శస్త్రచికిత్స ఇప్పుడే వద్దన్నాడు డాక్టరు. ఇంకెవరిచేతా సూది పొడిపించుకోవద్దన్నాడు. మూడు నెలలు కత్తెర ముట్టకూడదు, బరువులు అరచెయ్యి పైకి పెట్టి ఎత్తాలి, ముంజేతికి పట్టీ, రోజూ వ్యాయామం. ఆవిడ వెంటనే బేరం మొదలుపెట్టింది. "శ్రావణమాసం దాటేదాకా ఆగకూడదా బాబూ? నలభై జాకెట్లు ఒప్పుకున్నాను" అని. అప్పుడు నాకు రెండో సంగతి తెలిసింది. మా అబ్బాయి హాస్టలు మెస్సు బిల్లు నా జీతంలోంచి పోతోందని నేననుకుంటున్నాను. ఏడాదినుంచి పోతున్నది ఆ కత్తెరలోంచి!

శ్రావణమాసం జాకెట్లు పక్కవీధి అమ్మాయి కత్తిరించింది, మా ఆవిడ కుట్టింది. డబ్బు సగం సగం. మెస్సు బిల్లు నేను కట్టాను. నా చెయ్యి దసరాకు నయమయింది, తెల్లమచ్చ ఇంకా వుందో లేదో నాకు తెలియదు, అక్కర్లేదు కూడా. ఆవిడ అరకిలో కందిపప్పు పొట్లం చేతపట్టుకుని, మణికట్టును ఎడమచేత్తో పైకెత్తి, కుడిచేత్తో నెమ్మదిగా దించుతుంది. పొద్దున పదిహేనుసార్లు మూడు వరసలు, సాయంత్రం మళ్ళీ మూడు. ఆ దించడంలోనే కిటుకంతా వుందట. బరువును నెమ్మదిగా దించుతుంటే పోగులు మళ్ళీ వరస నేర్చుకుంటాయట. ఆరునెలలకు మళ్ళీ తీసిన అల్ట్రాసౌండ్‌లో నల్లసందు సన్నబడింది, పూర్తిగా పోలేదు. కుర్చీ మాత్రం లేస్తోంది.

ఇది వ్రాస్తూండగా వీధిలో నీళ్ళబండి గంట వినబడింది. ఇరవై లీటర్ల టిన్ను ఇప్పుడు నా వంతు. అరచెయ్యి పైకి పెట్టి ఎత్తండని వంటింట్లోంచి కేక వేస్తోంది.